కాలం మనిషిని మార్చదా?

పుట్టుకను బట్టి మనిషిని దొంగ అనకూడదని మనం అంటాం. ఆ మాట వెనుక మన పెద్దల బతుకులున్నాయి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. రోజూ హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు ఉండాలి. 1952లో ఆ చట్టం పోయింది. ముద్ర మాత్రం పోలేదు.

మరి నిజంగానే నేరం చేసిన కుర్రవాడి సంగతేమిటి? మన మాటకు అసలు పరీక్ష ఇక్కడే.

1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర ఇద్దరు దళిత యువకులు దోపిడీ చేయబోయి బస్సుకు నిప్పంటించారు. 23 మంది చనిపోయారు. గుంటూరు కోర్టు వేసిన ఉరిశిక్షను సుప్రీంకోర్టు 1996లో ఖాయం చేసింది. 1998లో రాష్ట్రపతి దాన్ని యావజ్జీవంగా మార్చారు.

పోయినవారు టిక్కెట్టు కొని బస్సెక్కిన మామూలు జనం. వారి తరఫున క్షమించే అధికారం మనకు లేదు, సర్కారుకూ లేదు. అయితే పెరోల్ అంటే కొన్నాళ్ల సెలవు, ముందస్తు విడుదల అంటే శిక్షలో తగ్గింపు. రెండూ క్షమాపణ కావు. చేసిన నేరం ఎంతటిదో తీర్పు చెప్పేసింది. ఇప్పుడు తేల్చవలసింది, ఆ మనిషి ఈనాడు ఎలా ఉన్నాడన్నదే.

మరణశిక్షకు తగిన నేరంలో యావజ్జీవం పడితే కనీసం 14 ఏళ్లు జైల్లో ఉండాలని చట్టం. ఇరవై ఏళ్లకు లోపలికి వెళ్లినవాడికి అప్పటికి ముప్పై నాలుగు. అప్పుడూ పాత నేరం ఒక్కటే చూపి కాదంటే, కాలం మనిషిని మార్చదన్నట్టే. పాత చట్టం పుట్టుకను చూసింది, ఇది చేసిన పనిని చూస్తుంది. ఆ తేడా పెద్దదే. కానీ "వాడింతే" అన్న మాట రెండింటిలోనూ ఒకటే.

పద్దెనిమిది నిండనివారికి 2015 బాలల న్యాయ చట్టం కొంత దారి చూపింది. శిక్ష వల్ల వచ్చే అనర్హతలు వారికి సాధారణంగా అంటవు. పందొమ్మిదో ఏట తప్పు చేసినవాడికి ఆ రక్షణ లేదు. ఒక్క పుట్టినరోజుతో మనసు పండిపోతుందా?

జైళ్లలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలను 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు కొట్టివేసింది. గేటు బయట నిబంధనలు మాత్రం మన చేతిలోనే ఉన్నాయి. మిరప కోతలకు ముఠా కట్టేటప్పుడు అతన్ని పిలుస్తామా? అతని బిడ్డను బడిలో "జైలోడి కొడుకు" అనకుండా ఆపుతామా? యువకులూ, ఉపాధ్యాయులూ జవాబు చెప్పవలసింది వీటికే.