తుఫాను కబురు ఒక అమానత్

పొరుగింటికి నిప్పు అంటుకోబోతోందని తెలిసీ నోరు మెదపనివాడు నిర్దోషి అవుతాడా? దేశాల విషయంలోనూ ఇదే ప్రశ్న.

1970 నవంబరు తుఫానులో నేటి బంగ్లాదేశ్ తీరాన లక్షలాదిమంది చనిపోయారు. 1972లో ఈ ప్రాంతపు దేశాలు కలిసి తుఫానుల మండలిని ఏర్పరచుకున్నాయి. నేడు ఢిల్లీ కేంద్రం హెచ్చరికలు పొరుగు దేశాలకు, పాకిస్తాన్‌కు సైతం, అందుతున్నాయి.

కాని కబురు అందితే చాలదు. 2008లో నర్గీస్ గురించి మయన్మార్‌కు ముందే తెలిపారు. ప్రజలను తగినంతగా తరలించలేదు. మరణించినవారు, గల్లంతైనవారు కలిపి 1,30,000కు పైనే. 2020లో అంఫన్ రాకముందే బంగ్లాదేశ్ 20 లక్షలమందికి పైగా తరలించింది. ప్రాణనష్టం ఎంతో తగ్గింది.

సోదరులారా! తెలిసిన ఆపద అమానత్ వంటిది. తెలిసినవాడు చేరవేయాలి, విన్నవాడు తనవారిని కాపాడాలి. సముద్రాలు వేడెక్కి తుఫానులు తీవ్రమవుతున్న ఈ కాలంలో, శత్రుత్వం సాకుతో ఈ బాధ్యత నుండి తప్పుకునే హక్కు ఎవరికీ లేదు.