ముక్క ఎవరిది?

విశాఖ ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామున పాట మొదలయ్యేసరికి ప్రతి చేపకూ విచారణ జరిగిపోయి ఉంటుంది. కొనేవాడు మొప్ప ఎత్తి ఎరుపు చూస్తాడు. వేలితో ఒళ్లు నొక్కి చూస్తాడు. వల్లో ఎప్పుడు పడింది, ఐసు ఎప్పుడు వేశారు అని అడుగుతాడు. జవాబు నచ్చకపోతే ధర దిగిపోతుంది. ప్రాణం పోయిన మాంసం గంటగంటకూ మారిపోతుందనీ, దాన్ని నిలిపేది మనిషి జాగ్రత్తేననీ అక్కడ పుస్తకం ముట్టనివాళ్లకు కూడా తెలుసు.

ఆ హార్బరులో చేపలమ్మే ఒకావిడ చాలా ఏళ్లుగా మా ఇంటికి కోనాం, కానాగంతలు తెస్తున్నది. ఆవిడకు రొమ్ములో కంతి లేచింది. ఒక ఆస్పత్రిలో ఆపరేషను జరిగింది. కొన్ని నెలల తర్వాత రెండు కాగితాలు నా చేతికిచ్చి చదవమంది. ఒకటి పరీక్ష రిపోర్టు. రెండవది, తీసిన కణజాలాన్ని పరిశోధనకు వాడుకోవడానికి ఆవిడ సమ్మతించినట్టు రాసిన పత్రం. అడుగున వేలిముద్ర ఉంది. తెలుగు ఎం.ఏ. చదివి, తెలుగే చెప్పుకు బతుకుతున్న నాకు ఆ పత్రంలోని తెలుగు రెండుసార్లు చదివితేగాని బోధపడలేదు.

“ఆ ముక్కని ఏటి సేసినారు మేస్టారూ? పారేసినారా, దాసినారా? నాకు ఒక్క ముక్క సెప్పనేదు” అంది.

మన భాషలో ముక్క అంటే ఖండమూ అవుతుంది, మాటా అవుతుంది. తన ఒంటి నుంచి ఒక ముక్క తీసుకున్నవారు బదులుగా ఒక ముక్క చెప్పలేదన్నది ఆవిడ ఫిర్యాదు. ఈ ఫిర్యాదుకు మనం చెప్పగల జవాబేమిటో విచారించాలి.

అధ్యాపక మిత్రుల మధ్య ఈ సంగతి ఎత్తితే రెండు జవాబులు వచ్చాయి. ఎలాగూ కోసి పారేసేదే గదా, దానివల్ల శాస్త్రం పెరిగితే మేలు పొందేది ప్రజలే, ఇక అడగడమెందుకు అన్నారు కొందరు. ఆ ముక్క ఆవిడ సొత్తు, వాడుకున్నవాళ్లు వెల కట్టి ఇవ్వాలి అన్నారు మరికొందరు. రెండూ ప్రజల పక్షాన పలికిన మాటల్లాగే వినిపిస్తాయి. కాస్త లోతుకు పోతే రెండూ నిలబడవు.

మొదటి వాదానికి చరిత్రే సమాధానం చెప్పింది. 1951లో అమెరికాలోని బాల్టిమోరులో, జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖద్వారపు కంతి నుంచి, ఆమెను అడగకుండానే ముక్క తీశారు. హీలా అన్న పేరుతో ఆ కణాలు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరిగాయి, పోలియో టీకా పరీక్షకు తోడ్పడ్డాయి, వ్యాపార సంస్థలకు సరుకయ్యాయి. ఆమె అదే ఏడు చనిపోయింది. కుటుంబానికి సంగతి తెలియడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఒక కంపెనీ ఆ వారసులతో రాజీకి వచ్చింది 2023లో. శాస్త్రం ప్రజలదని అన్నప్పుడు ఆ ప్రజల్లో ఆమె పిల్లలను ఎవరూ లెక్కవెయ్యలేదన్నమాట!

రెండవ వాదం మరింత ఆకర్షణీయమైనది, అందుకే మరింత ప్రమాదకరమైనది. ఒంటిముక్కకు వెల కట్టే బజారు తెరిస్తే ముందుగా అమ్ముకోవలసి వచ్చేది ఎవరో మనకు తెలియనిది కాదు. మూత్రపిండాల వ్యాపారాన్ని నిషేధిస్తూ 1994లో చట్టం చెయ్యవలసి వచ్చిన దేశం మనది. మనిషిలో సరుకు కాకుండా మిగిలిన దాన్ని కూడా సరుకు చేసి, దాన్నే న్యాయమనడం మన పని కాదు.

భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ప్రకటించిన నీతి సూత్రాలు ఇంతకంటె మెరుగైన మాట చెప్పాయి. నమూనా ఇచ్చినవారే దానికి యజమానులు, దాన్ని దాచిన సంస్థ కాపలాదారు మాత్రమే అన్నాయి. మంచిదే. కాని ఈ యజమాని తన యాజమాన్యాన్ని ఎరగడానికి ఉన్న సాధనం ఒక్క కాగితం. ఆ కాగితం ఎలా నిండుతుందో మనం కళ్లారా చూశాం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వారపు కాన్సరును నివారించే వాక్సిను వేసి పరిశీలన జరిపారు. వారిలో చాలామంది గిరిజన బాలికలు. తల్లిదండ్రులు చెయ్యవలసిన సంతకాలు అనేకం హాస్టలు వార్డెన్లు చేశారని పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో తప్పుపట్టింది. వాక్సిను గుణదోషాలు వేరే విషయం. సమ్మతిని గడి నింపే పనిగా దిగజార్చడం ఇక్కడి విషయం.

అయితే సమ్మతి సక్రమంగా తీసుకుంటే కథ ముగిసినట్టేనా? నీతి కమిటీల చర్చ సాధారణంగా అక్కడ ఆగిపోతుంది. కాపలాదారు దేన్ని కాపాడాలి అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుందని నా మనవి.

కత్తి రక్తనాళాన్ని తెంచిన క్షణం నుంచీ ముక్కలోని ప్రోటీనులు, జన్యు పదార్థాలు చెడిపోవడం ప్రారంభిస్తాయి. రొమ్ము ముక్కను గంటలోపల తగినంత ఫార్మలినులో వెయ్యాలనీ, ఆరు గంటలకు తగ్గకుండా డెబ్బయిరెండు గంటలకు మించకుండా అందులో ఉంచాలనీ అమెరికా కాన్సరు వైద్యుల, పాథాలజిస్టుల సంఘాలు 2010లో కలిసి చెప్పాయి. ఫార్మలిను గంటకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు మాత్రమే లోపలికి ఇంకుతుంది. కనుక పెద్ద ముక్కను పలచగా కొయ్యకుండా సీసాలో పడేస్తే పైన నిలుస్తుంది, లోపల చెడుతుంది. తీసిన వేళ, మందులో వేసిన వేళ రెండూ కాగితం మీద రాయాలి.

ఇదంతా ప్రయోగశాల గొడవ అనుకోవడం పొరపాటు. కంతిలో ఈస్ట్రోజను రిసెప్టర్లు ఉన్నాయా లేవా అన్నది ఈ ముక్క మీదనే తేలుతుంది. ఉంటే టామోక్సిఫెన్ వంటి చవక మాత్ర ఏళ్ల తరబడి వేసుకుని కాన్సరు తిరగబెట్టకుండా చాలామంది కాపాడుకోగలరు. ముక్క చెడితే ఉన్నవి లేనట్టు కనిపించవచ్చు. కెనడాలోని న్యూఫౌండ్లాండు కూడా మన హార్బరులాగే చేపల మీద బతికిన గడ్డ. అక్కడ 1997 నుంచి 2005 వరకు జరిగిన ఈ పరీక్షల్లో 380 మందికి పైగా రోగులకు తప్పు ఫలితాలిచ్చారు. జస్టిస్ మార్గరెట్ కామెరాన్ విచారణ సంఘం 2009లో నివేదిక ఇచ్చేనాటికి వారిలో వందమందికి పైగా చనిపోయారు. అందరూ ఆ తప్పువల్లనే పోయారని అనలేం. కాని దక్కవలసిన మందు దక్కనివాళ్లున్నారు. ముక్కను నిలవచెయ్యడంలోనూ, పరీక్ష నాణ్యతను చూసుకోవడంలోనూ లోపాలు విచారణలో బయటపడ్డాయి.

ఇప్పుడు చెప్పండి, ఆ గంట ఎవరి చేతిలో ఉంది? థియేటరు తలుపు దగ్గర ముక్కను అందుకుని, మెట్లు దిగి, లాబరేటరీకి చేర్చే మనిషి చేతిలో. అతడు చాలాచోట్ల కాంట్రాక్టు కూలి. అదే పూట అతడు స్ట్రెచరు తొయ్యాలి, నేల తుడవాలి, మందులు తేవాలి. ఆ సీసాలో ఏమున్నదో, గంట దాటితే ఏమవుతుందో అతనికి చెప్పినవాడు లేడు. పరిశోధన పత్రంలో పదిమంది పేర్లుంటాయి. అతని పేరు ఉండదు. నీతిని సంతకం దగ్గర వెతికి, శ్రమ దగ్గర వదిలేస్తున్నాం. రోగి మాటను లెక్కచెయ్యని వ్యవస్థే ఈ కూలివాడి పనినీ లెక్కచెయ్యదు. రెండు నిర్లక్ష్యాలకూ వేరు ఒక్కటే.

పరిశోధన వద్దని నేననడం లేదు. 2025 ఫిబ్రవరిలో మద్రాసు ఐ.ఐ.టి. వారు మన దేశపు రొమ్ము కాన్సరు జన్యుపటాన్ని విడుదల చేశారు. 480 మంది రోగుల కణజాలం దానికి ఆధారం. పరాయి దేశాల పటాలలో మన స్త్రీలు అరుదు గనుక ఇది కావలసిన పనే. అందులోని ప్రతి ముక్కా ఒక స్త్రీ ఇచ్చిన నమ్మకం. అడగకుండా తీసుకుంటే అది దొంగతనం, అడిగి తీసుకుని చెడగొడితే అది నమ్మకద్రోహం.

హార్బరావిడకు ఇదంతా నాకు చేతనైన మాటల్లో చెప్పాను. ఫార్మలిను అనగానే ఉలిక్కిపడింది. 2018లో కేరళలో ఫార్మలిను చేపలు పట్టుబడ్డాక ఆ మాట చేపలవాళ్లకు తిట్టుతో సమానం.

“సేపకేస్తే తప్పు, నా ముక్కకెయ్యకపోతే తప్పు. అంతేనా మేస్టారూ?”

“అంతేనమ్మా” అన్నాను.

“మరి నాదానికి ఏళకేసినారా?”

రిపోర్టు మళ్లీ తీశాను. రిసెప్టర్లు లేవని అందులో ఉంది. అది నిజమే కావచ్చు. తీసిన వేళ, మందులో వేసిన వేళ రాయవలసిన రెండు గడులూ ఖాళీగా ఉన్నాయి.

మైనపు దిమ్మలో మిగిలిన కణజాలాన్ని మరొకచోట పరీక్షించడానికి ఇప్పించమని ఆవిడ తరఫున అర్జీ రాశాను. మొదటే చెడి ఉంటే మళ్లీ పరీక్షించినా పోయింది తిరిగిరాదని కూడా దాచకుండా చెప్పాను. అర్జీలో ప్రతి ముక్కా చదివి వినిపించాను. రెండుచోట్ల ఆపి అడిగింది, మార్చి రాశాను. ఆ తర్వాతే వేలిముద్ర వేసింది.