దినములు నిండు వరకు

ధ్యానభాగము: లూకా సువార్త 1వ అధ్యాయము, 39 మొదలు 58 వచనములు



గర్భవతికి తొమ్మిది నెలలు గడచుట ఒక యెత్తు, చివరి పది దినములు గడచుట ఒక యెత్తు అని మన పెద్దమ్మలు చెప్పుదురు. కూర్చుంటే లేవలేదు, పండుకొంటే ఒత్తిగిల్లలేదు. పాతచీర గుడ్డలు సర్దిన సంచి గుమ్మము ప్రక్కనే యుండును. ఆస్పత్రి చీటీ మీద వ్రాసిన తారీఖు వచ్చును, పోవును. బిడ్డ మాత్రము రాదు. ఇట్టి దినములలో ఎదురుచూచుట అనగా ఏమి? బిడ్డ పుట్టవలసిన దినమును నిర్ణయించుట ఎవరి పని? ఈ ప్రశ్నను ఈ నెల మనము కలిసి ఆలోచింతము.

గత యెండాకాలములో మా సంఘపు పిల్ల ఒకతె తొలికాన్పునకు పుట్టింటికి వచ్చెను. చీటీలోని తారీఖు దాటి ఒక దినమాయెను. ఆ ఆదివారము గుడి యొద్ద ఒకరి వెనుక ఒకరు, "ఇంకా కాలేదా అమ్మా?" అని అడిగిరి. మేమును అడిగితిమి. ప్రేమతోనే అడిగితిమి గాని, పదిమంది అడుగుసరికి ఆ పిల్ల తప్పు చేసినదానివలె తల వంచుకొనెను. సాయంకాలపు కూడికకు రానేలేదు.

బంధువులలో ఒక పెద్దాయన ఫోను చేసి, "బుధవారము దాటితే అమావాస్య. ఈలోగా ఆపరేషను చేయించి బిడ్డను తీయించండి" అని చెప్పెను. ఆయన మనతో కూడ ప్రభువు బల్లలో పాలుపొందువాడే. పిల్ల తల్లి కలవరపడి నర్సమ్మ నడిగెను. నర్సమ్మ పరీక్ష చేయించి, "తల్లీ బిడ్డా బాగున్నారు. పంచాంగము చూడకండి, బిడ్డ కదలికలు చూచుకోండి. తగ్గినట్లు తోస్తే ఆ క్షణమే రండి" అనెను.

గురువారము రాత్రి కదలికలు తగ్గినట్లు ఆ పిల్లకు తోచెను. తెల్లవారనిమ్మని ఇంటిలో ఒకరనిరి. తల్లి వినలేదు, 108 బండిని పిలిపించెను. ఆ రాత్రియే ఆపరేషను జరిగెను. అమావాస్య రాత్రి పుట్టిన ఆ బిడ్డ ఈనాడు గుడి చాపలమీద ప్రాకుచున్నాడు.

మేము చూడబోయినప్పుడు ఆ బాలెంతరాలు మెల్లగా ఒక మాట అడిగెను: "అయ్యగారూ, అందరము ప్రార్థన చేసితిమి గదా. మరి ఆపరేషను ఎందుకైనది? నా విశ్వాసము చాలలేదా?"

ఆ ప్రశ్న మమ్మును చాల దినములు విడువలేదు. బుధవారము చేయించుమన్నదియు ఆపరేషనే, గురువారము జరిగినదియు ఆపరేషనే. కత్తి ఒక్కటే, కుట్లు ఒక్కటే. అయితే మొదటిది అమావాస్య భయమునకు లోబడి చేయవలసినది. రెండవది బిడ్డ ప్రాణము కొరకు చేసినది. ఒకే పని ఒకచోట అవిశ్వాసమును, మరియొకచోట ప్రేమయు కాగలదు. కనుక ఆపరేషను మంచిదా చెడ్డదా అని అడుగుటకంటె, మనము ఎవరి మాటకు లోబడి దానిని చేయించుచున్నామని అడుగుట మేలు.

ఇది ఒక్క యింటి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, నూరు కాన్పులలో ఆపరేషను ద్వారా జరిగినవి దేశమంతటిలో 21.5 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. వీటిలో ప్రాణములు కాపాడినవి అనేకములున్నవి. వాటికొరకు దేవునికి స్తోత్రము. అయితే ముహూర్తము కొరకును, నొప్పుల భయముచేతను, ఇతరుల తీరుబడి కొరకును జరిగినవియు ఉన్నవని మనకందరికి తెలియును. మూలా నక్షత్రమని భయపడు క్రైస్తవ గృహములు లేవని మనము చెప్పగలమా?

చీటీలోని తారీఖు కూడ ఆజ్ఞ కాదు, అంచనా. చివరిసారి ముట్టయిన మొదటి దినమునుండి 280 దినములు లెక్కించి దానిని వ్రాయుదురు. సరిగా ఆ దినముననే పుట్టు బిడ్డలు నూటికి ఐదుగురే ఉందురేమో. తక్కినవారు కొందరు ముందు, కొందరు వెనుక వత్తురు. ఆ చివరి వారములలో బిడ్డ ఊరకుండడు. ఊపిరితిత్తులును మెదడును ఇంకను ముదురుచుండును. అందుచేతనే వైద్యకారణము లేనిదే 39 వారములు నిండకముందు బిడ్డను తీయరాదని వైద్యులు చెప్పుదురు. గర్భములో ఎముకలు ఎదుగు రీతి మనకు తెలియదని ప్రసంగి చెప్పిన సంగతి జ్ఞాపకము చేసికొనుడి. ఈనాడు స్కానింగులో ఆ యెముకలను చూడగలుగుచున్నాము. అయినను నొప్పులు ఏ గడియకు మొదలగునో ఏ యంత్రమును చెప్పలేదు.

అయితే రెండవ ప్రక్కను కూడ ఒక గొయ్యి యున్నది. "దేవుడే చూచుకొనును" అని చెప్పి ఆస్పత్రి గడప తొక్కనివారు కొందరు. రాహేలును తలంచుకొనుడి. ఎఫ్రాతా మార్గములో ఆమె ప్రసవ వేదనపడి, బిడ్డను కని, మరణించెను. యాకోబు ఆమె సమాధిమీద స్తంభము నిలిపెను. ఆ దారిలో రాహేలుకు ఆస్పత్రి లేదు, రక్తము లేదు, బండి లేదు. అవి మన వాకిటికి వచ్చిన దినములలో వాటిని కాదనుట విశ్వాసమని మేము ఎంచము. 42 వారములు దాటిన కొలది బిడ్డకు అపాయము హెచ్చును. కనుక వైద్యులు అంతకు ముందే నొప్పులు రప్పింతుమన్నచో, అట్టి సలహాను పెడచెవిని పెట్టరాదు.

మన తెలుగు బైబిలులో ఎదురుచూచుటకు "కనిపెట్టుట" అను మాట యున్నది. ఈనాటి పిల్లలు ఆ మాటను క్రొత్త సంగతి కనుగొనుటకు వాడుదురు. మన పల్లెలలో పెద్దలు, "పిల్లను కొంచెము కనిపెట్టుకొని ఉండండి" అందురు. అనగా దానిమీద కన్నుంచి, అవసరము రాగానే లేచుటకు సిద్ధముగా ఉండుమని అర్థము. ఎదురుచూచుటయు కాపు కాయుటయు ఆ ఒక్క మాటలోనే యున్నవి. దినమును మన చేతిలోనికి లాగుకొనువాడు కనిపెట్టుట లేదు. కండ్లు మూసికొని కూర్చున్నవాడును కనిపెట్టుట లేదు. ఆ రాత్రి తెల్లవారు వరకు ఆగక బండి పిలిచిన తల్లి నిజముగా కనిపెట్టినది. ఆమె కూతురి విశ్వాసము చాలకపోలేదు. దేవుడు వారి ప్రార్థనకు నర్సమ్మ మాటచేతను, తల్లి మెలకువచేతను జవాబిచ్చెను.

ఇక సంఘముగా మన పని ఏమి? ఎలీసబెతుకు ఆరవ నెలలో మరియ ఆమె యింటికి వెళ్లెను. ఇంచుమించు మూడు నెలలు అక్కడ ఉండెను. అక్కడ ఏమేమి చేసెనో లూకా వ్రాయలేదు, ఆమెతో ఉన్నదని మాత్రమే చెప్పెను. నిండు చూలాలికి కావలసినది అదే. జెకర్యా ఆ దినములన్నిటను మాటలాడలేకపోయెను. ఇంటి మగవారము మనమును కొంత మౌనము పాటించి, ఆ నోటితో చేయు పనిని చేతులతో చేసినయెడల మేలు. నీళ్లబిందె మోయుదము. వాహనము ఎవరిదో, రక్తమిచ్చువారు ఎవరో ముందే చూచుకొందము. రక్తము కనబడినను, ఉమ్మనీరు పోయినను, తలనొప్పితో కండ్లు మసకబారినను, బిడ్డ కదలికలు తగ్గినను క్షణము ఆగక బయలుదేరుదము. "ఇంకా కాలేదా?" అని అడుగుటకు బదులు, "ఈ పూట కూర నేను తెత్తును" అందము.

ప్రార్థన: జీవమునకు కర్తవైన తండ్రీ, మా ఇండ్లలో నెలలు నిండిన తల్లులను నీ చేతికి అప్పగించుచున్నాము. తిథులకు భయపడు మనస్సును మానుండి తీసివేయుము. మేలుకొని కనిపెట్టు ప్రేమను మాకు దయచేయుము. ఆమేన్.