ఊరి బోరు, పాత స్నేహం



తుమకూరు జిల్లా పావగడ తాలూకా కర్ణాటకలో ఉన్నా దానికి మూడు వైపులా ఆంధ్ర ప్రాంతమే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. వానలు తక్కువ, వేరుసెనగ పైరు, లోతైన బోర్లు. అక్కడ చాలా గ్రామాల్లో బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. చూడటానికి నీరు తేటగానే ఉంటుంది, వాసన రాదు, రుచిలో తేడా తెలియదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగరాదని ప్రమాణం. ఏళ్ళ తరబడి తాగితే ముందు పిల్లల పళ్ళమీద గార, ఆపైన కీళ్ళనొప్పులు, ముదిరితే ఎముకలు వంగడం. కాచి తాగితే పోతుందని కొందరనుకుంటారు. పోదు, నీరు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మనకిది కొత్త సంగతి కాదు. 1937లోనే మన నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ వ్యాధిని చూసి వైద్యులు పత్రికలో రాశారు.

కొన్ని స్నేహాలు ఈ నీళ్ళవంటివే. పని కోసం పట్నం వచ్చినవాడికి గది చూపించినవాడు, మేస్త్రీకి చెప్పి పని ఇప్పించినవాడు దేవుడిలా కనిపిస్తాడు. కొన్నాళ్ళకు "నేను లేకపోతే నువ్వెక్కడుండేవాడివి?" అన్న మాట మొదలౌతుంది. చీటీకి హామీ సంతకం పెట్టమంటాడు. నమ్మి చెప్పుకొన్న ఇంటి గుట్టు నలుగురిలో నవ్వులాట అవుతుంది. ఇంకొకరితో చనువుగా మాట్లాడితే మూతి ముడుస్తాడు. ఏ ఒక్కటీ పెద్దలముందు పెట్టి ఫిర్యాదు చేసేంత పెద్దది కాదు. అందుకే పది సంవత్సరాలైనా మనిషి బయటపడడు.

అలాగని లోపమున్న ప్రతి స్నేహితుణ్ణీ వదులుకోమనడం లేదు. 1793లో విలియం కేరీతో కలిసి బెంగాలుకు వచ్చిన డాక్టర్ జాన్ థామస్ అప్పులపాలైన మనిషి, చేతిలో డబ్బు నిలవదు. ఆయన మూలంగా కేరీ కుటుంబం కలకత్తాలో నానా అగచాట్లు పడింది. అయితే మరుసటి ఏడు కేరీకి నీలిమందు కర్మాగారంలో ఉద్యోగం దొరికింది కూడా థామస్ పరిచయం వల్లనే. 1800లో కృష్ణపాల్ అనే వడ్రంగికి జారిన చేయి సరిచేసిందీ ఆయనే. ఆ కృష్ణపాలే అక్కడి హిందువుల్లోనుండి వారిచేత మొదట బాప్తిస్మము పొందినవాడు. థామస్ కేరీ డబ్బు పోగొట్టాడు గాని కేరీని చిన్నవాణ్ణి చేయలేదు. కాబట్టి ఎంత నష్టపోయామన్నది అసలు ప్రశ్న కాదు. అతని పక్కన ఉన్నన్నాళ్ళూ నిజం చెప్పే ధైర్యం పెరిగిందా, తరిగిందా?

ఇక సంఘములో వచ్చే చిక్కు వేరు. "క్షమించానంటున్నావు, మరి మునుపటిలా ఎందుకు కలవవు?" అని పెద్దలు అడుగుతారు. క్షమాపణ ఒక్కరే ఇవ్వగలరు, అవతలివాడు అడగకపోయినా ఇవ్వవచ్చు. స్నేహానికి మాత్రం ఇద్దరు కావాలి. బోరుమీద కోపం లేకపోయినా ఆ నీరు తాగకుండా ఉండవచ్చు గదా? గిన్నెలు తోమడానికి అవే నీళ్ళు వాడతారు. అలాగే గుమ్మం దగ్గర వందనాలు చెప్పవచ్చు, క్రిస్మస్ విందులో కలిసి వడ్డించవచ్చు. వచ్చే ఆదివారమే అందరిముందు చేతులు కలపమని తొందరపెట్టడం నా మటుకు నాకు సమాధానపరచడంగా తోచదు. అక్కడ ఎప్పుడూ మెత్తనివాడే తల వంచవలసి వస్తుంది.

బయటికి వచ్చినంతనే నొప్పి తీరదు. నీరు మార్చితే జబ్బు ముదరడం తగ్గుతుంది గాని వంగిన ఎముక నిటారు కాదు, పంటిమీది గారా పోదు. పైగా శుద్ధినీళ్ళకు క్యాను పట్టుకొని వెళ్ళి వరుసలో నిలబడాలి, పాత బోరు ఇంటి ముందే ఉంటుంది. వలస వచ్చినవాడికి ఊరి కబురు, నవ్వు, జ్వరమొస్తే మాత్ర, అన్నీ ఆ ఒక్కడి ద్వారానే అందినప్పుడు మొదటి నెలలు ఇల్లు బోసిపోతుంది. చాలామంది తిరిగి వెళ్ళేది ప్రేమతో కాదు, ఆ ఖాళీ భరించలేక. ఆ రోజుల్లో భోజనానికి పిలిచే ఇల్లు ఒక్కటైనా సంఘములో ఉండాలి.

విడిచి వచ్చి కూడా కలిసిన ప్రతివాడికీ ఆ కథే చెప్పేవాడు ఆ నీళ్ళబిందెను నెత్తిమీద మోస్తూనే ఉన్నాడన్నమాట. "తప్పయింది" అని అవతలివాడు అనేదాకా బతుకు ఆపుకొని కూర్చోవడమూ అంతే. అయితే పూర్తిగా నోరు మూసుకోవాలా? కొత్తగా వచ్చిన కుర్రవాడు అదే మనిషి చీటీకి హామీ సంతకం చేయబోతుంటే ఒకసారి చెప్పాలి. తాను చూసింది చెప్పాలి, ఊహించింది కాదు.

పిల్లల మాట. రెండిళ్ళ పిల్లలు సండేస్కూల్లో ఒకే బెంచీమీద కూర్చుంటారు, వాళ్ళ స్నేహం వాళ్ళది. పుట్టినరోజుకు పిలిస్తే పంపండి. అవతలి ఇంట మరణం సంభవిస్తే మీరూ వెళ్ళండి, కాసేపు కూర్చోండి, టీ ఇస్తే తాగి రండి. మరునాడు ఆ నంబరు నుండి ఫోను వస్తే తీయాలా వద్దా అన్నది వేరే సంగతి.