పంజరం లేని చూపు

చైత్రమాసంలో పూర్తిగా తెల్లవారకముందే బస్తర్ సీమలోని కిష్టారం అడవిలో జనం బుట్టలు పట్టుకుని ఇప్పచెట్ల కిందికి చేరతారు. రాలిన పూలు మనుషులవి, కొమ్మన మిగిలిన తీపి పిట్టలది. ఎవరి వాటా వారిదే. అడవి నేర్పే మొదటి ధర్మం అది.

ఆ బస్తర్ సీమ పక్షి కొండ గోరింక. నిగనిగలాడే నల్లని ఒళ్లు, నారింజ రంగు ముక్కు, మెడ వెనుక పసుపు తోలు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి ఇదే. 1758లో శాస్త్రవేత్త లిన్నేయస్ ఈ గోరింక జాతికి పెట్టిన శాస్త్రీయ నామంలో 'రెలిజియోసా' అనే మాట ఉంది. లాటిన్‌లో భక్తి గలది అని అర్థం.

భక్తి గలదని పేరు పెట్టిన మనిషే దాన్ని పంజరంలో పెట్టాడు. అక్కడ అది మన మాటల్ని అచ్చంగా పలుకుతుంది. అడవిలో మాత్రం తోటి గోరింకల దగ్గర నేర్చిన కూతలే కూస్తుంది. దాని గొంతులో మన మాట విని మురిసిపోతున్నామంటే, దాని పాట మనకు అక్కర్లేదన్నమాట.

తగ్గిపోతున్న ఈ పక్షుల్ని పెంచాలని జగదల్‌పూర్‌లో పెద్ద పంజరం కట్టారు. ఆడా మగా చూపుకు ఒకేలా ఉండటంతో జత కూర్చడం కష్టమైంది. ఆ ప్రయత్నం ఫలించలేదు. తర్వాత కాంగేర్ లోయ జాతీయ ఉద్యానంలో చుట్టుపక్కల ఊళ్ల యువకులే 'మైనా మిత్ర'లయ్యారు. గూళ్లున్న చెట్లను దూరం నుంచే కనిపెట్టుకుని ఉంటారు. ఉండేలు పట్టిన పిల్లలకు నచ్చజెబుతారు. పట్టి బంధించిన ప్రేమ చేయలేని పని, దూరాన నిలబడి కాచిన ప్రేమ చేస్తోంది.

యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన యమాలనే నిగ్రహాలలో అపరిగ్రహం, అంటే దేన్నీ సొంతం చేసుకుని పట్టి ఉంచుకోకపోవడం, ఒకటి. దాన్ని వస్తువులకే పరిమితం చేసుకుంటాం. చూపుకూ అపరిగ్రహం కావాలి. పిల్లలు మన మాటే పలకాలంటాం. దేవుడూ మన కోరికకే బదులు పలకాలంటాం. అదీ పంజరమే.

ఈ సాధనకు అడవిదాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనో, మీ ఊరి తోటలోనో ఒక చెట్టు కింద పావుగంట కూర్చోండి. ఫోన్ జేబులోనే ఉండనివ్వండి. మొదట మన అలికిడికి పిట్టలు ఎగిరిపోతాయి. కదలకుండా ఉంటే ఒక్కొక్కటే తిరిగివస్తాయి. వచ్చిన పిట్టను కళ్లారా చూడండి. అది మళ్లీ ఎగిరిపోయినప్పుడు మనసు దాని వెంట పడకపోతే, ఆ రోజు పూజ పూర్తయినట్టే.