దారి గీసినవాడికి పాపపుణ్యాల్లో పాలెంత?

శ్రీశైలం మల్లికార్జునుడి గుడికి వెళ్లినవాళ్లు గోపురాలకు దండం పెట్టి క్యూలో చేరతారు. ప్రాకారం గోడ బయటి ముఖాన వరుసలు వరుసలుగా చెక్కిన బొమ్మల దగ్గర ఆగేవాళ్లు తక్కువ. విజయనగర కాలపు శిల్పులు ఆ రాళ్ల మీద ఎన్ని కథలు చెప్పారో! అర్జునుడి తపస్సు, కిరాతుడితో పోరు, యముడి బారి నుంచి బయటపడిన మార్కండేయుడు, గజాసురుణ్ని చీల్చే శివుడు, సిద్ధులు, వేటలు, గుర్రాలు. శ్రీశైలం స్థలపురాణంలోని చంద్రవతి కథలో లింగం మీద పాలు కురిపించిన కపిలగోవు ఈ గోడ మీద రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకచోట చూడకుండా దాటిపోయినవాడికి ఇంకోచోట దొరుకుతుంది. ఎక్కడ మొదలుపెట్టినా ఏదో ఒక కథ అందుతుంది. చదువు రాకపోయినా, గుడి లోపలికి అడుగు పెట్టకపోయినా అందుతుంది.

ఫోన్లలో యాప్‌లు తయారుచేసేవాళ్లు కూడా పనిని బొమ్మల వరుసతోనే మొదలుపెడతారు. దాన్ని స్టోరీబోర్డు అంటారు. 1930ల తొలినాళ్లలో డిస్నీ స్టూడియోలో కార్టూన్ సినిమాల కోసం పుట్టిన పద్ధతి అది. వచ్చే మనిషి ఎవరు, ఏ అవసరం మీద వచ్చాడు, ఏం నొక్కాడు, చివరికి ఏం దక్కింది అన్నది గడులు గడులుగా గీస్తారు. ఏ పేజీ నుంచి ఏ పేజీకి దారుందో, ఏది పైనుందో, ఏది లోతునుందో చూపే పటం సైట్‌మ్యాప్.

శ్రీశైలానికి అలాంటి పటం ఎప్పటినుంచో ఉంది. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన కడప జిల్లా సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ద్వారాలు. మూలల్లో ఏలేశ్వరం, సోమశిల, పుష్పగిరి, సంగమేశ్వరం ఉపద్వారాలు. ఏ దిక్కు నుంచి వచ్చేవాడికి ఆ దిక్కున ఒక గుమ్మం ఉంది. వచ్చిన గుమ్మంలోంచే తిరిగి వెళ్లిపోవచ్చు కూడా. ఈ అమరికను మండలంగా వివరిస్తూ ప్రభావతి రెడ్డి 2014లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వెలువరించారు. ఏలేశ్వరం నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోయింది. శ్రీశైలం జలాశయంలో మునిగిన సంగమేశ్వరుడు మాత్రం వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు బయటపడతాడు, జనం వెళ్లి మొక్కుతారు.

ధర్మసందేహం ఇక్కడే మొదలవుతుంది. నడిచేవాడు ఒకడు, దారి వేసినవాడు ఇంకొకడు. ఆ నడకలో వచ్చిన పుణ్యంలో, జరిగిన కీడులో దారి వేసినవాడికి పాలుందా? పెద్దలు చెబుతూ వచ్చిన మాటలో తడబాటు లేదు. చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, మెచ్చి ఊకొట్టినవాడు, ఈ నలుగురికీ మంచిలోనూ చెడ్డలోనూ సమాన భాగం.

ఈ మాటను తూచి చూడడానికి శ్రీశైలంలోనే ఒక తండ్రీ కొడుకుల కథ ఉంది. రెడ్డిరాజ్యాన్ని నిలిపిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే భక్తులు ఈనాటికీ వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా నల్లమలలో నడిచి కైలాసద్వారం చేరతారు. కాళ్లు బొబ్బలెక్కినవాడికి మెట్టు ఎంత ఆసరానో చెప్పనక్కర్లేదు. ఆ పుణ్యంలో వేమారెడ్డికి పాలు లేదని ఎవరూ అనరు.

ఆయన కొడుకు అనవేమారెడ్డి 1377లో అదే శ్రీశైలంలో వీరశిరోమండపం కట్టించాడు. శివుడి కోసం తలలు, నాలుకలు కోసుకునే వీరభక్తుల మండపం అది. అనవేముడు తన చేత్తో ఎవరి తలా నరకలేదు. కానీ చోటు చూపించాడు, ఆ చోటుకు గౌరవం తెచ్చిపెట్టాడు. ప్రేరకుడి పాలూ, ఊకొట్టినవాడి పాలూ రెండూ అతడి లెక్కలోకే వస్తాయి. అతడి పక్షాన ఒక్క మాట చెప్పాలి. అక్కడ జరిగేదేమిటో శాసనంలో దాచలేదు. ఆ మండపం ఎక్కేవాడికి దాని చివర ఏముందో తెలుసు.

2020 చివర్లో తెలుగు రాష్ట్రాల్లో లోన్ యాప్‌ల వేధింపులు భరించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లకు ఆ మాత్రం కూడా తెలియదు. నాలుగు నొక్కులు నొక్కితే అప్పు చేతికొచ్చింది. ఆ నొక్కుల మధ్యలోనే ఫోన్లో ఉన్న పేర్లూ నంబర్లూ చూసుకునే అనుమతి పోయింది. వాయిదా తప్పగానే బంధువులకు, స్నేహితులకు పరువు తీసే మెసేజ్‌లు వెళ్లాయి. ఆ దారిని ఎవరో కూర్చుని గీశారు. ఏ బటన్ పెద్దదిగా ఉండాలో, ఏ షరతు అడుగున చిన్న అక్షరాల్లో ఉండాలో ఎవరో తేల్చారు.

పత్తికొండ వైపు వేరుశనగ రైతు కోసం అలాంటి యాప్‌కు స్టోరీబోర్డు గీస్తున్నారనుకుందాం. మొదటి గడిలో జూన్ వాన పడింది, విత్తనానికి డబ్బు లేదు. రెండో గడిలో ఫోన్ తీశాడు. మూడో గడిలో డబ్బు పడింది. నాలుగో గడిలో నవ్వు. కాగితం అక్కడితో అయిపోతుంది. ఆగస్టులో చినుకు రాలక, ఊడలు దిగక ఎండుతున్న చేను, అదే నెలలో కట్టాల్సిన వాయిదా ఉన్న గడిని ఎవరూ గీయరు. రాయలసీమలో ఆ గడి లేని కథ అబద్ధం.

నొక్కింది వాడే కదా, వద్దనుకుంటే మానేయొచ్చు కదా అని వాదించేవాళ్లున్నారు. మానేయాలంటే ముందు దారి చివరిదాకా కనబడాలి. గీసినవాడికి అన్ని పేజీలూ తెలుసు, నడిచేవాడికి ముందున్న ఒక్క పేజీయే తెలుసు. ఇంత తేడా ఉన్నచోట సమాన భాగం అనడం కూడా దారి గీసినవాడి మీద దయ చూపడమే. తెలిసి దాచినవాడి పాలు ఎక్కువ కావాలి.

చట్టం ఈ దిక్కుగా కదిలింది. 2021 జనవరిలో కమిటీ వేసిన రిజర్వ్ బ్యాంకు, 2022 సెప్టెంబరులో డిజిటల్ అప్పులకు నిబంధనలు తెచ్చింది. ఫోన్లోని కాంటాక్టుల జోలికి పోకూడదు. కొద్ది రోజుల గడువులో అసలూ, ఆ రోజుల వడ్డీ కట్టి జరిమానా లేకుండా అప్పు నుంచి బయటపడే వీలివ్వాలి. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల మాయ డిజైన్లను నిషేధించింది. అడగని వస్తువును బుట్టలో వేయడం, చేరడం తేలికగానూ మానుకోవడం కష్టంగానూ పెట్టడం వాటిలో ఉన్నాయి. అయితే చట్టం ఫిర్యాదు వచ్చాక పనిచేస్తుంది. గీసే చెయ్యి అంతకన్నా ముందే ఆగగలదు.

కర్నూలు ట్రిపుల్ ఐటీలో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివే పిల్లల్లో రేపు ఇలాంటి దారులు గీసేవాళ్లు ఉంటారు. వాళ్లకో విన్నపం. శ్రీశైలం వెళ్లినప్పుడు దర్శనం అయ్యాక ప్రాకారం బయట ఒక చుట్టు నిదానంగా నడవండి. తిరిగొచ్చి స్టోరీబోర్డు గీసేటప్పుడు డబ్బు చేతికందిన గడి దగ్గర ఆపకండి, వాయిదా రోజు దాకా గీయండి. సైట్‌మ్యాప్‌లో బయటికి వెళ్లే దారిని మొదటి వరుసలోనే పెట్టండి. పైవాళ్లు తీసేయమంటే, తీసేస్తే ఎవరికి ఏమవుతుందో కాగితం మీద రాసి వాళ్ల ముందు పెట్టండి.