అల్లినదాని కూలి

స్కాట్లండునకు ఉత్తరమున సముద్రమధ్యమందున్న షెట్లండు దీవులలో స్త్రీలు సన్నని ఉన్నిదారముతో లేసు శాలువలు అల్లుదురు. కొన్ని శాలువలు పెండ్లి ఉంగరములోనుండి దూరిపోవునంత పలుచగా నుండును. సూదులనుండి తీసినప్పుడు శాలువ ముడుతలుపడి ఆకారములేక యుండును. దానిని కడిగి, తడి ఆరకముందే చట్రమునకు లాగి కట్టి ఆరబెట్టుదురు. అప్పుడే అల్లికలోని పువ్వులు బయటపడును.

ఇంత శ్రమకు అక్కడి వర్తకులు అనేకులు రొక్కమీయక, తేయాకు, బట్ట వంటి సరుకులే ఇచ్చిరని 1872లో ప్రభుత్వ విచారణ నివేదిక తెలిపెను. మన నరసాపురపు లేసు స్త్రీలనుగూర్చి 1982లో మరియా మీస్ వ్రాసిన గ్రంథమును ఇట్టి సంగతియే చెప్పెను. గృహిణులు తీరికవేళ చేయునది పనికాదని ఎంచి, వారికి అతి స్వల్పపు కూలి ఇచ్చిరి.

ఇంట కూర్చుండి చేసినంతమాత్రమున పని పని కాకపోవునా? కన్నులు అలసినది నిజమే గదా! కూలివాని కూలి మరునాటివరకు మనయొద్ద ఉంచుకొనరాదని లేవీయకాండము 19వ అధ్యాయము నేర్పుచున్నది. పని పొలములో జరిగెనా, ఇంటి అరుగుమీద జరిగెనా అని అది అడుగలేదు. 'ప్రొద్దుపోకకు అల్లినదే గదా' అని మనము ధర తగ్గించిన యెడల ఆ కూలిలో కొంత మనయొద్దనే నిలిచిపోవును. బేరమాడుటకు ముందు, 'అమ్మా, దీనికి ఎన్ని దినములు పట్టెను?' అని అడుగుదము.